క్లిప్‌లెస్ పెడల్స్, రోడ్డు పక్క రిపేర్లు: ఇంకా నడుస్తున్న ప్రాజెక్టు డైరీ

ఏం కొన్నాను, ఎందుకు

రెండు పనులు ఒకేసారి మొదలుపెట్టాను. ఒకటి, షూ అడుగున ఉండే క్లీట్ పెడల్‌కి టక్కున తగులుకునే క్లిప్‌లెస్ పెడల్స్ మీద తొక్కడం అలవాటు చేసుకోవడం. రెండోది, ఊరి బయట సైకిల్ మొరాయిస్తే ఎవరికీ ఫోన్ చేయకుండా దాన్ని ఇంటిదాకా తెచ్చుకోగలగడం. వేరువేరు పనుల్లా కనిపిస్తాయి గానీ నాకు రెండూ ఒకటే. టైరు బుస్సుమన్నా, చైను ఊడినా, వెనక గేరు వెళ్లి స్పోక్స్‌లో ఇరుక్కున్నా, ముందు చేయాల్సింది పానా వెతకడం కాదు, పెడల్ నుంచి కాలు తీసి నేల మీద పెట్టడం. అది చేతకాకపోతే మిగతా రిపేరు విద్యంతా కిందపడి లేచాకే పనికొస్తుంది. అందుకే ఇందులో సగం కాలు తీయడం గురించే ఉంటుంది, విసుగొస్తే కిందికి దాటేసుకోండి.

పెడల్స్‌లో ముఖ్యంగా రెండు రకాలు. మూడు బోల్టులతో బిగించే పెద్ద ప్లాస్టిక్ క్లీట్ రోడ్డు రేసుల వాళ్లది. మంచు మీద జారే స్కీలకి బూట్లు పట్టించే బైండింగ్స్ చేసే లుక్ కంపెనీ ఆ ఆలోచననే సైకిల్‌కి తెచ్చి 1984లో ఈ తరహా పెడల్ అమ్మకానికి పెట్టింది. మరుసటి ఏడాది వాటితోనే ఫ్రెంచ్ రేసర్ బెర్నార్ ఇనో టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ రేసు గెలిచేసరికి రేసుల్లో పాదాన్ని పెడల్‌కి కట్టే తోలుపట్టీల కాలం ముగియడం మొదలైంది. రెండోది సైకిల్ భాగాలు చేసే జపాన్ కంపెనీ షిమానో 1990లో తెచ్చిన ఎస్‌పీడీ, రెండు బోల్టుల చిన్న ఇనుప క్లీట్, మొదట మౌంటెన్ బైకుల కోసం. ఇది షూ అడుగున గుంటలో కూర్చుంటుంది కాబట్టి మామూలుగా నడవొచ్చు. నేను తీసుకున్నది ఇదే, పెడల్‌కి రెండు వైపులా తగిలేది. రేసు షూ తేలికే, చూడ్డానికీ బాగుంటుంది, కానీ టైరు మార్చుకుంటూ రోడ్డు పక్క మట్టిలో, గులకరాళ్లలో తిరగాల్సిన వాడికి ఆ ప్లాస్టిక్ క్లీట్ దండగ. నాలుగడుగులు వేస్తే అరుగుతుంది, తడి నేల మీద జారుతుంది.

క్లీట్‌లోనూ మళ్లీ ఎంపిక. ఎస్‌హెచ్51 అయితే మడమ పక్కకి తిప్పితేనే వదులుతుంది. ఎస్‌హెచ్56 పక్కకే కాక పైకి గట్టిగా లాగినా వదులుతుంది, కొత్తవాళ్లకి మంచిదని చెప్తారు. నేను 51కే మొగ్గాను. ఎత్తు ఎక్కుతూ సీటు మీంచి లేచి తొక్కేటప్పుడు కాలు తనంతట తాను ఊడొస్తే అది ఇంకా ప్రమాదం కదా. పైగా నేర్చుకునే కదలిక ఒక్కటే అయితే భయం వేసినప్పుడు కాలికి తికమక ఉండదని నా లెక్క.

బిగింపు

పాత పెడల్స్ తీయడం దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. ఎడమ పెడల్‌కి మర ఎదురు. తొక్కుతున్నప్పుడు పడే ఒత్తిడికి పెడల్ దానంతటదే వదులు కాకుండా అలా చేస్తారు. నేను గుర్తుపెట్టుకున్న పద్ధతి: పానా పిడి పైకి ఉండేలా పట్టించి, సైకిల్ ముందు చక్రం వైపు తోస్తే బిగుస్తుంది, వెనక చక్రం వైపు లాగితే వదులవుతుంది, రెండు పెడల్స్‌కీ అంతే. బయటి నుంచి 15 మిల్లీమీటర్ల పానా పెట్టినా, క్రాంకు (పెడల్ బిగించి ఉండే కడ్డీ) లోపలి వైపు నుంచి ఆరు పలకల అలెన్ కీ పెట్టినా ఈ లెక్క మారదు. గడియారం దిక్కు, దాని వ్యతిరేక దిక్కు అని లెక్కపెడితే మాత్రం ఎటు నుంచి చూస్తున్నామో దాన్నిబట్టి తారుమారవుతుంది. కొత్తవి బిగించే ముందు మరలకి గ్రీజు తప్పనిసరి. లేకపోతే అల్యూమినియం క్రాంకులో ఉక్కు మర పట్టేసుకుని, ఏడాది తర్వాత తీయబోతే మీ బరువంతా వేసినా కదలదు.

క్లీట్ ఎక్కడ పెట్టాలన్నది అసలు విషయం. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా తగిలే ఎముక ఉంటుంది చూడండి, షూ వేసుకుని దాన్ని బయటి నుంచి వేలితో తడిమి, షూ పక్కన పెన్నుతో గుర్తు పెట్టాను. క్లీట్ మధ్యభాగం ఆ గుర్తు దగ్గర గానీ, కాస్త వెనక గానీ రావాలి. వేళ్ల వైపు ముందుకి జరిగితే పిక్కల మీద భారం పెరుగుతుంది. ఇక కోణం కోసం ఎత్తైన బల్ల మీద కూర్చుని కాళ్లు వేలాడదీసి చూసుకున్నాను. నా కుడి పాదం సహజంగా కొంచెం బయటికి చూస్తుంది, ఎడమది దాదాపు తిన్నగా ఉంటుంది. క్లీట్లు కూడా అలాగే పెట్టాను. రెండూ ఒకేలా ఉండాలని ఎక్కడా లేదు. తగిలించాక కూడా మడమ కొద్దిగా అటూ ఇటూ ఆడుతుంది, మోకాలికి రక్ష ఆ ఆటే.

బోల్టులకి 4 మిల్లీమీటర్ల అలెన్ కీ, బిగింపు 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి కొలత), మరలకి గ్రీజు. క్లీట్ చుట్టూ మార్కర్‌తో గీత గీసి పెట్టుకున్నాను, జరిగితే గీత పక్కకి తప్పి వెంటనే తెలుస్తుంది. పెడల్ మీద పట్టు సర్దే చిన్న స్క్రూ ఒకటుంటుంది, నా వాటికి 3 మిల్లీమీటర్ల అలెన్. పెడల్‌కి రెండు వైపులా ఉంటాయి కాబట్టి మొత్తం నాలుగు, ఒకటి మర్చిపోయామంటే ఒక వైపు సులభంగా, రెండో వైపు మొండిగా వదులుతుంది. నాలుగూ బాగా వదులు వైపుకి తిప్పేశాను.

గోడ పక్కన

సైకిల్‌ని గోడకి ఆనించి, సీటు మీద కూర్చుని, ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద. తగిలించడం తేలిక, వేళ్లు కిందికి వంచి క్లీట్ ముక్కు ముందు కొక్కెంలోకి జార్చి మడమతో నొక్కితే టక్ మంటుంది. తీయడమంటే మడమ బయటికి తిప్పడం. పైకి లాగడం కాదు, వెనక్కి లాగడం కాదు. పాదం సమతలంగానే ఉండాలి, తలుపు తెరిచినట్టు మడమ ఒక్కటే బయటికి తిరగాలి. చెప్పడానికి ఇంతే. కానీ ఏళ్ల తరబడి మామూలు పెడల్ మీంచి కాలు పైకెత్తిన అలవాటు ఉంటుంది కదా, కంగారులో ఒళ్లు ఆ పాత పనే చేస్తుంది. ఆ అలవాటు మీద కొత్తది కూర్చోబెట్టాలంటే గోడ పక్కన కూర్చుని తగిలించు, తీయి, తగిలించు, తీయి, పాట వింటూనో ఫోన్‌లో మాట్లాడుతూనో, మనసు వేరే చోట ఉన్నా కాలు తన పని తాను చేసేదాకా.

ఒక చిన్న గమనిక: పెడల్ కిందికి వచ్చినప్పుడు తిప్పడం తేలిక. పైన ఉన్నప్పుడు మోకాలు వంగి ఉంటుంది కాబట్టి మడమ సరిగ్గా తిరగదు.

గడ్డి మీద

ఇప్పుడు కదులుతూ. మెత్తటి గడ్డి నేల, తేలిక గేరు. తిరిగి బయల్దేరేటప్పుడు కాలికి బరువు తగలకూడదు కాబట్టి ఆగే ముందే గేరు తగ్గించుకోవాలి.

బయల్దేరడం ఇలా: ఒక కాలు ముందే తగిలించి ఆ పెడల్‌ని పైకి, కాస్త ముందుకి తెచ్చి ఒక్క తోపు, ఆ ఊపులోనే సీటు మీదకి. రెండో కాలు వెంటనే తగలకపోతే కిందికి చూడొద్దు, అరికాలు పెడల్ మీద ఆనించి అలాగే రెండు మూడు చుట్లు తొక్కి, ఊపు వచ్చాక మళ్లీ ప్రయత్నించాలి. తగలలేదని తల వంచుకుని వెతికేవాళ్లే పక్కకి పోతారు.

ఆగడంలో కిటుకంతా వరసలో ఉంది. ముందు కాలు, తర్వాత బ్రేకు. ఆగాలని తెలిసిన క్షణంలోనే, సైకిల్ ఇంకా హాయిగా దొర్లుతుండగానే కాలు విడిపించి, విడిచిన పాదాన్ని పెడల్ మీదే ఊరికే ఆనించి ఉంచాలి. ఆ తర్వాత బ్రేకు, ఆ తర్వాత కాలు నేల మీదకి. ఈ పెడల్స్ మీద పడే వాళ్లలో ఎక్కువమంది వేగంలో పడరు, పూర్తిగా ఆగిపోయాక, కాలు ఇంకా తగులుకునే ఉన్న వైపుకి, నిలువునా కూలిపోతారు. కుడి కాలు తీసి కుడి వైపు ఒరగాల్సింది ఎడమ వైపు ఒరిగితే ఎడమ కాలు సమయానికి రాదు. హ్యాండిల్ ఏ వైపు తిరిగి ఉందో కూడా చూసుకోవాలి, ఆగే చివరి క్షణంలో అది తిన్నగా ఉంటే మనం అనుకున్న వైపే ఒరుగుతాం. అయినా పడుతున్నామని తెలిస్తే చేయి చాపొద్దు, హ్యాండిల్ వదలొద్దు. భుజం, తుంటి దెబ్బ ఓర్చుకుంటాయి, మణికట్టు ఓర్చుకోదు.

మొదట నాకు కుడి కాలు ఒక్కటే వచ్చేది. తర్వాత ఎడమదీ పట్టుబట్టి నేర్చుకున్నాను, ఎందుకంటే కుడి వైపు గుంటో గోతో ఉంటే అటు కాలు పెట్టలేం, ఎటు ఒరగాలో ప్రతిసారీ మనం నిర్ణయించుకోలేం.

రోడ్డు మీద

సిగ్నళ్లు కష్టం కాదు, దూరం నుంచే కనిపిస్తాయి. టెన్షన్ పెట్టేవి మూడు: నిటారు ఎత్తు మీద ఊపు చచ్చిపోవడం, ఇరుకు రోడ్డులో వెనక్కి తిరగడం, ముందువాడు చెప్పకుండా ఆగడం. ఎత్తు మీద తంటా ఏమిటంటే బలమంతా పెట్టి పెడల్ తొక్కుతున్న కాలిని అదే క్షణంలో పక్కకి తిప్పలేం, తొక్కడం ఆపితే సైకిలే ఆగిపోతుంది. ఎక్కలేనని అనుమానం వచ్చినప్పుడే, పెడల్ కిందికి వెళ్లిన క్షణం చూసుకుని కాలు తీసేయాలి. అనుమానమే చాలు, నిర్ధారణ కోసం ఆగొద్దు.

లాభం ఏముంది అని అడిగేవాళ్లకి: పెడల్‌ని పైకి లాగితే రెట్టింపు బలం వస్తుందన్న మాట నేను నమ్మను, బలం వచ్చేది కిందికి తొక్కడంలోనే. నాకు దొరికిన సుఖం వేరు. గతుకుల మీద పాదం జారదు, కాళ్లు వేగంగా తిప్పినా పెడల్ తప్పిపోదు, ప్రతిసారీ పాదం అదే చోట కూర్చుంటుంది. అయితే ఆ చివరిది రెండంచుల కత్తి, క్లీట్ తప్పు చోట బిగిస్తే పాదం రోజూ అదే తప్పు చోట కూర్చుంటుంది, మోకాలు చెప్తుంది. నాకు ఎడమ మోకాలి బయటి వైపు లాగినట్టు ఉంటే ఆ క్లీట్ కోణం వెంట్రుకవాసి మార్చాను, తగ్గింది. ఒకసారి ఒకటే మార్చాలి, అది కూడా కొంచెమే. లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

పంక్చర్, ముందు ఇంట్లో

ఎండలో, పక్క నుంచి లారీలు పోతుండగా మొదటిసారి టైరు ఊడదీయడం నాకిష్టం లేదు. అందుకే మంచి టైరులోంచే గాలి తీసేసి ఇంట్లో మళ్లీ మళ్లీ చేశాను, చివర్లో రోడ్డు మీద ఉండే సామాన్లే వాడి, ఇంటి పెద్ద పంపు ముట్టుకోకుండా.

వెనక చక్రమైతే ముందు చైనుని అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రం మీదకి దించాలి, అప్పుడు తీయడం పెట్టడం రెండూ తేలిక. డిస్క్ బ్రేకు సైకిలైతే చక్రం బయట ఉన్నంతసేపు బ్రేకు నొక్కొద్దు, ప్యాడ్లు దగ్గరికి మూసుకుపోయి చక్రం లోపలికి పోదు. టైరు ఊడదీయడంలో బలం కన్నా ముఖ్యం టైరు అంచుని చుట్టూ రిమ్ము మధ్య పల్లంలోకి నొక్కడం. ఆ పల్లంలోకి దిగితే టైరు వదులు దొరుకుతుంది, లివర్లు, అంటే టైరు అంచు పైకి లేపే చిన్న పుల్లలు, విరగ్గొట్టుకునే అవసరం రాదు. తిరిగి ఎక్కించేటప్పుడూ అదే సూత్రం. కొత్త ట్యూబ్‌కి కొంచెం గాలి, గుండ్రంగా నిలబడేంత, పట్టించి పెడితే మెలికపడదు, అంచు కింద నలగదు. చివరి బెత్తెడు చేత్తోనే ఎక్కించాలి, అక్కడ లివర్ పెడితే కొత్త ట్యూబ్‌కే కన్నం. గాలి పూర్తిగా కొట్టే ముందు రెండు వైపులా టైరు పక్కకి వత్తి ట్యూబ్ ఎక్కడైనా తొంగి చూస్తోందేమో చూసుకోవాలి.

ప్యాచ్ వేయడం కూడా ఇంట్లోనే నేర్చుకున్నాను గానీ రోడ్డు మీద వేయను. ఉప్పు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి, తడి మెరుపు పోయేదాకా కొన్ని నిమిషాలు ఆరనివ్వాలి, ఆ ఆగడమే ఎవరికీ చేతకాదు, తడిగా ఉండగానే అతికించి తర్వాత ప్యాచ్‌ని తిడతారు. దారిలో ట్యూబ్ మార్చేయడం, ఇంటికొచ్చాక తీరిగ్గా ప్యాచ్.

పంక్చర్, అసలుది

వెనక టైరు. బుస్సు వినపడలేదు, సైకిల్ వెనక భాగం మెత్తగా ఈదుతున్నట్టు అనిపించింది. కాలు విడిపించి, మెల్లగా రోడ్డు దిగి, వెనక బ్రేకు జోలికి పోకుండా ముందు బ్రేకుతో ఆగాను. పోయింది ముందు టైరైతే దీనికి తిరగేసి, వెనక బ్రేకే వాడాలి, హ్యాండిల్ నెమ్మదిగా తిప్పాలి. కాలు ముందే బయట ఉండటం ఎంత హాయో అప్పుడు తెలిసింది.

ట్యూబ్ మార్చడం కన్నా కన్నం ఎందుకు పడిందో కనుక్కోవడమే ముఖ్యం. కారణం టైరులోనే ఉండిపోతే కొత్త ట్యూబ్ కూడా పది నిమిషాల్లో పోతుంది. టైరు మీది కంపెనీ పేరు ఎప్పుడూ వాల్వు దగ్గరే వచ్చేలా ఎక్కించి ఉంచుతాను. ట్యూబ్‌కి గాలి కొట్టి కన్నం వాల్వు నుంచి ఎంత దూరంలో ఉందో చూసి, టైరులో అదే దూరంలో వెతికితే చాలు. దొరికింది సన్నని ఉక్కు తీగ, లారీ టైర్లు చిరిగినప్పుడు రోడ్డు మీద రాలే రకం, కంటికి ఆనలేదు, వేలికి గుచ్చుకుంది. అందుకే వేలిని బరబరా తిప్పొద్దు, ఒక గుడ్డ ముక్క జరిపితే తీగ దాన్ని పట్టుకుంటుంది. కన్నాలు పక్కపక్కనే రెండుంటే టైరులో వెతకక్కర్లేదు, గాలి తక్కువై రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగిందన్నమాట.

గాలికి సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) గ్యాసు కుక్కిన చిన్న డబ్బా వాడాను, 16 గ్రాములది, సన్న రోడ్డు టైరుకి ఒకటి సరిపోతుంది. విడుదలయ్యేటప్పుడు డబ్బా గడ్డకట్టేంత చల్లబడుతుంది, వట్టి చేత్తో పట్టుకోవద్దు. ఇంకో సంగతి, ఆ గ్యాసు రబ్బరులోంచి మామూలు గాలికన్నా త్వరగా బయటికి పోతుంది. మర్నాటికి టైరు మెత్తబడితే మళ్లీ పంక్చరని బెంబేలు పడకుండా ఉన్నది తీసేసి పంపుతో కొట్టుకుంటే సరి. డబ్బా ఉన్నా చిన్న చేతి పంపు మానలేదు. డబ్బా తుస్సుమంటే అంతే సంగతులు, పంపు అయితే ఎన్నిసార్లయినా కొట్టొచ్చు.

చైను, తీగ, స్పోక్

ముందు పళ్ల చక్రం మీంచి చైను లోపలికి ఊడితే బలంగా తొక్కొద్దు, ఫ్రేముకీ చక్రానికీ మధ్య నలుగుతుంది. వెనక గేరు కింద చైనుని బిగువుగా పట్టి ఉంచే పంజరాన్ని చేత్తో ముందుకి తోస్తే చైను వదులు దొరుకుతుంది, కింది పళ్లకి తగిలించి క్రాంకు వెనక్కి తిప్పితే ఎక్కేస్తుంది. చైను తెగితే చెడిన లింకు చైన్ టూల్‌తో తీసేసి క్విక్ లింక్, అంటే చేత్తోనే తగిలించే జోడు లింకు, వేయాలి. అది మీ గేర్ల సంఖ్యకి తగిందే ఉండాలి, 11 గేర్ల చైనుకి 11దే. వేశాక దాన్ని పై వరసలోకి తెచ్చి, వెనక బ్రేకు పట్టి పెడల్ నొక్కితే టక్కున కూర్చుంటుంది. లింకులు తీసి చైను కురచ చేసి వస్తుంటే ముందూ వెనకా రెండూ పెద్ద చక్రాల గేరు మాత్రం వేయొద్దు.

వెనక గేరు తీగ తెగితే చైను చిన్న చక్రం మీద పడిపోతుంది, చదునైన దారైతే అలాగే ఇంటికి రావచ్చు. స్పోక్ విరిగితే పక్క స్పోక్‌కి చుట్టి, చక్రం బ్రేకుకి రాసుకుంటుంటే బ్రేకు వదులు చేసి నెమ్మదిగా రావడమే.

బోల్టు ఊడిన క్లీట్

ఇది నాతో తొక్కే మిత్రుడికి జరిగింది. ఇది చూశాకే నా సంచిలో సామాను మారింది. క్లీట్‌కి ఉండే రెండు బోల్టుల్లో ఒకటి దారిలో ఎక్కడో రాలిపోయింది. తొక్కుతున్నంతసేపు ఏమీ తెలియదు. ఆగబోతూ మడమ తిప్పాడు, షూ తిరిగింది, క్లీట్ తిరగలేదు. ఒక్క బోల్టు మీద షూ గిరగిరా తిరుగుతుందే తప్ప పట్టు వదలదు, ఎంత తిప్పినా అంతే. "రావట్లేదు, రావట్లేదు" అని అరిచాడు. నేను వెనకే ఉన్నాను కాబట్టి దిగి సీటు పట్టుకున్నాను, వాడు రెండో కాలు నేల మీద పెట్టి, షూ పట్టీ విప్పి, పాదం మాత్రం బయటికి లాక్కున్నాడు. షూ పెడల్‌కే వేలాడుతూ ఉంది.

షూ తీయడానికి పెడల్ మీది పట్టు స్క్రూని పూర్తిగా వదులు చేసి, వెనక దవడని స్క్రూడ్రైవర్‌తో వెనక్కి తోశాం, క్లీట్ జారి వచ్చింది. నీళ్ల సీసా బోల్టు కూడా 5 మిల్లీమీటర్ల మరే కాబట్టి దాన్ని వేద్దామన్నాడు. దాని తల ఎత్తుగా ఉంటుంది, పెడల్‌కి తగులుతుంది, వద్దన్నాను. క్లీట్ మొత్తం తీసేసి ఆ కాలు ఊరికే పెడల్ మీద పెట్టుకుని వచ్చాడు.

కాలు రావట్లేదంటే ఇంకా ఎక్కువ తిప్పడం కాదు, తొక్కుతూనే ఉండి, రెండో కాలు తీసుకుని, అటు ఒరిగి ఆగాలి. ఎడమ కాలు కూడా నేర్చుకోవడం అప్పుడు పనికొస్తుంది. బయల్దేరే ముందు మడమ తిప్పి చూసినప్పుడు షూ కింద ఏదైనా వదులుగా ఆడుతున్నట్టు, కిర్రుమన్నట్టు ఉంటే అక్కడే ఆగి 4 మిల్లీమీటర్ల అలెన్ తీయాలి. గుంటలో చిన్న రాయి ఇరుక్కున్నా తగలడం మానేస్తుంది, మట్టిలో నడిచాక అడుగు ఓసారి గీకేయాలి.

ఇప్పుడు సంచిలో

ట్యూబ్ ఒకటి, వాల్వు మా రిమ్ముకి సరిపడా పొడవుదే. లివర్లు, సీఓ2, చేతి పంపు, ప్యాచ్ డబ్బా, చైన్ టూల్ ఉన్న అలెన్ కీల కట్ట, క్విక్ లింక్. వాటికి తోడు ఇప్పుడు రెండు క్లీట్ బోల్టులు, ఒక జత పల్చటి చేతి తొడుగులు, టైరు పక్క కోసుకుపోతే లోపల అడ్డం పెట్టడానికి పాత టైరు ముక్క. అది లేనివాళ్లు కరెన్సీ నోటు మడిచి పెట్టుకున్నా ఇంటిదాకా వస్తుంది.

మిగిలిన పనులు: పెడల్ పట్టు ఇంకా వదులు మీదే ఉంది, ఎత్తుల మీద కుడి కాలు ఊడొస్తోంది కాబట్టి కుడి పెడల్ రెండు వైపులా ఒక్కో టక్కు బిగించి చూడాలి. చీకట్లో హెడ్‌లైట్ వెలుతురుకి ట్యూబ్ మార్చడం ఇంకా చేయలేదు. క్లీట్ ముందు అంచు అరగడం మొదలైంది, కొత్తవి వేసేటప్పుడు ఎడమది ఒక మిల్లీమీటరు వెనక్కి జరిపి మోకాలు ఏమంటుందో రాస్తాను.